యాస్నయా పొల్యానా బడిపంతులు

లియో టాల్‌స్టాయ్ పేరు చెప్పగానే సాహిత్య విద్యార్థులకు ‘యుద్ధము - శాంతి’, ‘అన్నా కెరినినా’ నవలలు స్ఫురిస్తాయి. చరిత్ర విద్యార్థులకు గాంధీజీతో ఆయన జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు స్ఫురిస్తాయి. కాని ఆ మహారచయిత తన జీవితంలో ఒకటికి రెండు పర్యాయాలు నవలారచనను పక్కకు నెట్టి, పల్లెటూరి పిల్లల మధ్య కూర్చుండి వారికి చదువను వ్రాయను నేర్పినాడనీ, తాను కూర్చిన పిల్లల వాచకాన్ని తన నవలలకంటె గొప్ప పనిగా భావించినాడనీ ఎరిగినవారు తక్కువ. రేపు ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించగోరే మన కళాశాల విద్యార్థులకు నవలాకారుడైన టాల్‌స్టాయ్ కంటె బడిపంతులైన టాల్‌స్టాయ్ ఎక్కువ ఉపకరిస్తాడని నా నమ్మకం.

1828 సెప్టెంబరు 9వ తేదీన, మాస్కోకు దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్ల దూరాన, తూలా నగరానికి సమీపంలో ఉన్న యాస్నయా పొల్యానా అనే జమీందారీ గ్రామంలో ఆయన జన్మించాడు. రెండేండ్లు నిండకముందే తల్లి, తొమ్మిదవ ఏట తండ్రి గతించారు. బంధువుల స్త్రీలు పెంచి పెద్దచేశారు. 1841లో మేనత్త ఉండే కజాన్ నగరానికి అన్నదమ్ములందరినీ చేర్చారు. కజాన్ ఒకప్పటి తాతారు ముస్లిముల రాజధాని. 1844లో అక్కడి విశ్వవిద్యాలయంలో టాల్‌స్టాయ్ చేరింది ప్రాచ్యభాషా శాఖలో. ఎన్నుకొన్నవి అరబ్బీ, తుర్కీ భాషలు. ప్రవేశపరీక్షలో ఆ భాషలలో మంచి మార్కులే వచ్చాయి గాని, చరిత్ర, భూగోళాలలో మొదటిసారి తప్పి, తిరిగి పరీక్షకు కూర్చోవలసివచ్చింది. మరుసటి సంవత్సరమే న్యాయశాస్త్రానికి మారాడు. అదీ పూర్తిచేయలేదు. 1847లో పట్టా లేకుండానే ఇల్లు చేరాడు. ఒకరు నిర్ణయించిన పాఠాన్ని ఒకరు నిర్ణయించిన వేళకు అప్పజెప్పే చదువు ఆయనకు ఎన్నడూ రుచించలేదు. దీనిని విద్యార్థిమిత్రులు తమకు అనుకూలమైన దృష్టాంతంగా స్వీకరించకుందురు గాక! కళాశాల విడిచిన తరువాత ఆయన తనకు తాను విధించుకొన్న పాఠ్యక్రమం ఏ విశ్వవిద్యాలయమూ విధించజాలనంత కఠినమైనది.

1851లో అన్న నికొలాయ్ వెంట కాకసస్ పర్వతప్రాంతానికి వెళ్ళి సైన్యంలో చేరాడు. రష్యా చక్రవర్తి సేనలకూ ఆ కొండల ముస్లిం తెగలకూ దీర్ఘకాలంగా యుద్ధం సాగుతున్న రోజులవి. అక్కడ సాదో అనే చెచెన్ యువకునితో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. టాల్‌స్టాయ్ జూదంలో పోగొట్టుకొన్న సొమ్ముకు వ్రాసి ఇచ్చిన పత్రాన్ని సాదో తాను ఆడి గెలిచి తెచ్చి, మిత్రుని ఋణవిముక్తుని చేశాడు. 1853లో ఒకనాడు ఇద్దరూ దళాన్ని విడిచి గుర్రాలపై ముందుకు పోగా, ప్రతిపక్షపు చెచెన్ రౌతులు వెంబడించారు. టాల్‌స్టాయ్ ఎక్కిన గుర్రం సాదోదే, వేగవంతమైనది. ఆయన ఒంటరిగా తప్పించుకొని ఉండగలడు. మిత్రుని విడిచి పోలేదు. ఇద్దరూ బందీలు కాకుండా కొద్దిలో బయటపడ్డారు. ఈ సంఘటన 19 ఏండ్ల తరువాత ఒక పిల్లల పుస్తకంలో కథగా మొలకెత్తింది గనుక ఇక్కడ చెప్పవలసివచ్చింది.

క్రిమియా యుద్ధంలో సెవాస్తపోల్ ముట్టడిని కళ్ళారా చూచి, రచయితగా పేరు సంపాదించుకొని ఆయన స్వగ్రామం చేరేనాటికి రష్యాలో రైతులు ఇంకా భూదాసులే. భూమితోపాటు మనుషులనూ అమ్మేవారు, కొనేవారు. వారి పిల్లలలో అక్షరం ముక్క వచ్చినవాడు అరుదు. 1849లోనే టాల్‌స్టాయ్ ఒక చిన్న బడిని ప్రారంభించాడు గాని అది నిలువలేదు. 1859 శరదృతువులో తన ఇంటి ఆవరణలోని ఒక భవనంలో అసలైన బడి తెరిచాడు. జీతం లేదు. తల్లిదండ్రులు మొదట జంకారు. దొరగారు మన పిల్లలకు ఉచితంగా చదువు చెప్పడమేమిటి, ఇందులో ఏదో మతలబు ఉండక పోదని వారి శంక. శతాబ్దాలుగా దొర చేతినుండి కొరడాదెబ్బలు తప్ప మరొకటి ఎరుగని జనానికి అటువంటి శంక కలగడంలో ఆశ్చర్యమేముంది?

బోధన ఎట్లా సాగించాలో తెలుసుకొనగోరి 1860లో ఐరోపా దేశాలకు బయలుదేరాడు. జర్మనీ, ఫ్రాన్సు, ఇంగ్లండులలో ఎన్నో పాఠశాలలు దర్శించాడు. బ్రస్సెల్స్‌లో ప్రూధాఁను, లండనులో హెర్జెన్‌ను కలుసుకొన్నాడు. ఆ ప్రయాణంలోనే ప్రాణప్రదమైన అన్న నికొలాయ్ క్షయవ్యాధితో ఆయన చేతులలో కన్నుమూశాడు. జర్మను బడులలోని భయమూ, వల్లెవేతా, దండనా ఆయనకు వెగటు పుట్టించాయి. మార్సెయ్ నగరంలో కనిపించిన ఒక వింత మాత్రం ఆయన ఆలోచనకు దారి చూపింది. అక్కడి బడిపిల్లలు చరిత్రపాఠాన్ని ప్రశ్నల వరుసలో గడగడ అప్పజెప్పేవారు. వరుస తప్పించి అడిగితే తెల్లమొగం వేసేవారు. కాని అదే నగరపు శ్రమజీవులు వివేకవంతులుగా, లోకజ్ఞానం గలవారుగా కనిపించారు. ఈ తెలివి వీరికి బడిలో రాలేదు, మరెక్కడినుంచి వచ్చిందని విచారించగా, కారుచౌకగా అమ్ముడుపోయే డ్యూమా నవలలూ, కాఫీశాలలలోని నాటికలూ పాటలూ, వస్తుప్రదర్శనశాలలూ వారికి నిజమైన బడులై ఉన్నాయని తేలింది. మనిషికి చదువుపై కోరిక పుట్టించేది కథ. బడి ఆ కథను తలుపు బయట నిలబెట్టి లోపల అక్షరాలను మాత్రమే అరగదీస్తున్నది. టాల్‌స్టాయ్ విద్యాప్రయోగాలన్నింటికీ మూలం ఈ పరిశీలనే.

1861లో రష్యా ప్రభుత్వం భూదాస్యాన్ని రద్దుచేసింది. ఆ సంవత్సరమే స్వదేశానికి తిరిగివచ్చిన టాల్‌స్టాయ్ జమీందారులకూ విముక్తులైన రైతులకూ మధ్య తగవులు తీర్చే పదవి స్వీకరించి, రైతుల పక్షం వహించి, తోటి జమీందారుల ద్వేషానికి గురి అయ్యాడు. మరొకవంక బడి విస్తరించింది.

ఆ బడి తీరు వినదగినది. తెల్లవారుతుండగా గంట మ్రోగేది. కొంతసేపటికి మంచులో నడుస్తూ పిల్లలు వచ్చేవారు. చేతులలో పుస్తకం లేదు, పలక లేదు. తలలో నిన్నటి పాఠం అప్పజెప్పవలెనన్న బరువు లేదు. ఇంటి పని ఇచ్చే ఆచారమే లేదు. 40 మంది వరకు పేర్లు నమోదై ఉండేవి, వారిలో ఆడపిల్లలూ ఉండేవారు. బల్లమీద, కిటికీ గట్టుమీద, నేలమీద ఎవరి ఇష్టం వచ్చినచోట వారు కూర్చునేవారు. మొదట తోపులాట, కేకలు. పంతులు ఓపికతో నిరీక్షించేవాడు. కొద్దిసేపటికి ఒకడు పుస్తకం తెరిచేవాడు, వాడిని చూచి మరొకడు. తరగతి తానుగా సద్దుమణిగేది. ఆసక్తి కలిగితే ఒక గంట పాఠం మూడు గంటలు సాగేది. ఆసక్తి లేకుంటే పిల్లలు లేచిపోయే స్వేచ్ఛ కూడ ఉండేది. 60 మందిని ఒక గదిలో కుదించి, పర్యవేక్షకుని రాకకు ఎదురుచూసే మన ప్రాథమిక పాఠశాలలలో ఇది యథాతథంగా అమలుకాదని నేనూ ఎరుగుదును. ఐతే టాల్‌స్టాయ్ ఒక సంగతిని పట్టుకొన్నాడు. తరగతిలో అలజడి రేగితే తప్పు పిల్లవానిలో వెదకడానికి ముందు పాఠంలో వెదకాలన్నది ఆయన నియమం.

చదవడం నేర్పే దగ్గర ఆయనకు గట్టి దెబ్బ తగిలింది. అక్షరాలు కూడబలుక్కొని చదవడం వచ్చిన పిల్లలకు ఏమి పుస్తకం ఇవ్వాలి? ‘రాబిన్సన్ క్రూసో’ ఇచ్చాడు. సులభమైన మాటలలోకి తాను మార్చి చెప్పినా, నెలరోజులు లాగినా, పిల్లలకు విసుగే మిగిలింది. కథ తిరిగి చెప్పలేక కొందరు ఏడ్చారు. పుష్కిన్ కథ, గొగోల్ కథ, ‘ఇలియడ్’ అనువాదం వంతులవారీగా పరీక్షించాడు. పండితులు మెచ్చిన ఆ గ్రంథాలన్నీ పల్లెపిల్లల ముందు మూగవోయాయి. జానపద కథలు, సామెతలు, బైబిలు గాథలు మాత్రం వారిని కట్టిపడవేశాయి. జనం నోట ఉన్న భాషకూ, గ్రంథాలలో ఉన్న భాషకూ మధ్య పెద్ద అగడ్త ఉన్నదనీ, దానిని దాటించే వంతెన వంటి సాహిత్యం రష్యను భాషలో ఇంకా పుట్టలేదనీ ఆయన గ్రహించాడు. ఇంటిలో ఒక తెలుగు, బడిలో మరొక తెలుగు ఎదుర్కొనే మన పిల్లల అవస్థ, ఇంటిలో దక్కనీ మాట్లాడి బడిలో కితాబీ ఉర్దూ చదివే పిల్లల అవస్థ ఎరిగినవారికి ఈ అగడ్త లోతు వేరుగా చెప్పనక్కరలేదు.

వ్రాయడం నేర్పే దగ్గర జరిగిన కథ మరింత మనోహరమైనది. మొదట ఆయన కూడ అందరి పంతులవలెనే రొట్టెను గూర్చి, చెట్టును గూర్చి, గుడిసెను గూర్చి వర్ణించి వ్రాయుమని విషయాలిచ్చాడు. పిల్లలు బిక్కమొగం వేశారు. రొట్టెను గూర్చి వ్రాయడానికి ఏముందో వారికి బోధపడలేదు. ఒకనాడు సామెతల పుస్తకం తిరగవేస్తుండగా, చెంచాతో తినిపించి ఆ చెంచా కాడతోనే కన్ను పొడవడాన్ని గూర్చిన సామెత కంటబడింది. దీనిని కథగా అల్లవచ్చునని పిల్లలతో అన్నాడు. వారు నమ్మలేదు. తానే కలం పట్టి, ఒక రైతు బిచ్చగానిని ఇంటికి తెచ్చి ఆదరించి, తరువాత దెప్పిపొడవడం మొదలుపెట్టిన వైనాన్ని వ్రాయసాగాడు. పిల్లలు ఒకరొకరుగా కుర్చీ వెనుకకు చేరి, భుజంమీదుగా తొంగిచూచి, తప్పులు పట్టసాగారు. ఆ ముసలివాడు ఆ మాట అనడు, ఆ భార్య అట్లా చేయదు అంటూ సరిదిద్దసాగారు. క్రమంగా కలం మాత్రమే పంతులుది, కథ పిల్లలది అయింది.

చివరకు ఇద్దరు నిలిచారు. సెమ్‌కా అనేవాడు కళ్ళకు కట్టే వర్ణనలు అందించేవాడు. ఫెద్‌కా అనేవాడు ఏ వర్ణన ఎంతవరకు ఉండాలో, ఏ పాత్ర మనసులో ఏముందో చెప్పేవాడు. ఇరుగుపొరుగు ముసలాయన తొందరలో ఆడవారి కోటు తొడుక్కొని వచ్చాడని ఫెద్‌కా అనగానే టాల్‌స్టాయ్ నివ్వెరపోయాడు. ఆ ఒక్క ముక్కతో ఆ మనిషీ, ఆ ఇల్లూ, అక్కడి బీదరికమూ ఎదుట నిలిచాయి. ఎంతో అనుభవంగల రచయితలకు దొరకని పట్టు అక్షరాలు కొత్తగా వచ్చిన పదేండ్ల రైతుబిడ్డకు దొరికింది! సాయంత్రం ఏడింట ప్రారంభమైన రచన రాత్రి పదకొండింటి దాకా సాగింది. ఆకలి, నిద్ర ఎవరికీ జ్ఞాపకం రాలేదు. ఆ రాత్రి తన మనస్సులో కలిగిన సంచలనాన్ని టాల్‌స్టాయ్ తరువాత ఎంతో దీర్ఘంగా వర్ణించుకొన్నాడు.

ఐతే ఆ వ్రాతప్రతికి గ్రహపాటు కలిగింది. టాల్‌స్టాయ్ ఊరిలో లేనప్పుడు బడిలో కాగితపు బొమ్మలు మడిచే వేడుక బయలుదేరి, ఆ కాగితాలు బొమ్మలైపోయి, ఆ తరువాత పొయ్యిలో పడ్డాయి. తిరిగివచ్చిన పంతులు తీరని దుఃఖం పొందాడు. అది గమనించిన ఫెద్‌కా, సెమ్‌కాలు ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, గదిలో చేరి తలుపు వేసుకొని, రాత్రి చాలాసేపు కూర్చుండి కథను జ్ఞాపకంనుండి తిరిగి వ్రాసి ఇచ్చారు. అది ఆయన నడిపిన ‘యాస్నయా పొల్యానా’ పత్రికలో అచ్చయింది. వ్రాత నేర్చుకోవలసింది రైతుబిడ్డలు మనవద్దనా, లేక మనమే వారివద్దనా అనే ప్రశ్నను శీర్షికగా పెట్టి ఆయన ప్రకటించిన 1862నాటి వ్యాసానికి ఇదే ఆధారం. ఈ వ్యాసంలో అతిశయోక్తి పాలు లేకపోలేదు. పిల్లల ప్రతిభ పక్కన కూర్చున్న పంతులు సామాన్యుడు కాడు. ఏ మాట నిలుపుకోవాలో ఏది విడువాలో క్షణంలో ఎరిగే మహాశిల్పి. అటువంటి శ్రోత దొరికినందువలననే ఫెద్‌కా నోరు విప్పాడని నా అభిప్రాయం.

1862 వేసవిలో ఆరోగ్యం చెడి, ఇద్దరు శిష్యులను వెంటబెట్టుకొని సమారా మైదానాలకు వెళ్ళాడు. అక్కడి బష్కీరు ముస్లిముల గుడారాలలో ఉండి, గుర్రపుపాలను పులియబెట్టిన కూమిస్ అనే పానీయంతో చికిత్స పొందాడు. ఆ సమయంలోనే పోలీసులు యాస్నయా పొల్యానాపై దాడి చేశారు. బడులలో పనిచేస్తున్న యువ ఉపాధ్యాయులలో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఉన్నందున, ఇక్కడ రహస్య ముద్రణాలయం నడుస్తున్నదని అనుమానం. రెండు రోజులు ఇల్లంతా గాలించారు. నేల పలకలు పెకలించారు, చెరువులో వలలు వేశారు, దినచర్య పుస్తకాలు, సొంత ఉత్తరాలు చదివారు. ఏమీ దొరకలేదు. కాని పోలీసులు వచ్చిన ఇంటికి పిల్లలను పంపడానికి ఏ తల్లిదండ్రులకు ధైర్యం చిక్కుతుంది? టాల్‌స్టాయ్ చక్రవర్తికే ఫిర్యాదు వ్రాసుకొన్నాడు. ఆ సెప్టెంబరులో సోఫియాతో వివాహం జరిగింది. బడి మూతబడింది. ‘యుద్ధము - శాంతి’ అనే మహాసముద్రంలో ఆయన మునిగిపోయాడు.

ఆ నవల 1869లో ముగిసింది. లోకమంతా తరువాతి నవల కోసం ఎదురుచూస్తుంటే, ఆయన మాత్రం ‘అజ్బుకా’ అనే పిల్లల వాచకం మీద కూర్చున్నాడు. దాని వెనుక పడిన శ్రమ విన్నవారు నివ్వెరపోతారు. ఈసపు కథలను మూలంలో చదవడానికై నలభైరెండవ ఏట గ్రీకుభాష నేర్చుకొన్నాడు. నక్షత్రాలను గూర్చి నాలుగు మాటలు సరిగా వ్రాయడానికై రాత్రులు ఆకాశం పరిశీలించాడు. రష్యను జానపద గాథలు, భారతదేశపు నీతికథలు, తూర్పుదేశాల గాథలు సేకరించి, ఒక్కొక్క కథను పలుమార్లు తిరగవ్రాశాడు. కష్టమైన మాట కనబడితే తీసివేశాడు, అలంకారం కనబడితే చెరిపివేశాడు. 1872లో ఇంటిలో మళ్ళీ బడి తెరిచి, భార్యా పెద్దపిల్లలూ కూడ తోడుకాగా 30 మందికి పైగా రైతుపిల్లలపై ఈ పాఠాలను పరీక్షించాడు.

ఈ పుస్తకంలోనిదే ‘కాకసస్ బందీ’ కథ. రష్యను అధికారి జీలిన్‌ను కొండల ముస్లింలు బంధిస్తారు. ఇంటి యజమాని కూతురు దీనా అనే చిన్నపిల్లకు అతడు మట్టితో బొమ్మలు చేసి ఇస్తాడు. ఆమె అతనికి దొంగచాటుగా పాలు, రొట్టె తెచ్చి ఇస్తుంది, కడకు తప్పించుకొనడానికి సాయపడుతుంది. దీర్ఘకాలం యుద్ధం చేసిన రెండు జాతుల నడుమ, స్వజాతి పిల్లల చేతిలో పెట్టే మొదటి పుస్తకంలో, ఎదుటి పక్షపు ఆడపిల్లను ఇంత ప్రేమతో చిత్రించిన వాచకకర్తలు ఎందరుంటారు? పాతికేండ్ల అనంతరం ‘కళ అంటే ఏమిటి’ అనే గ్రంథం వ్రాసేటప్పుడు టాల్‌స్టాయ్ తన రచనలన్నింటినీ చెడ్డ కళ క్రింద త్రోసివేసి, రెండింటిని మాత్రమే మంచి కళగా అంగీకరించాడు. అందులో ఒకటి ఈ ‘కాకసస్ బందీ’. రెండవది ‘దేవుడు సత్యాన్ని చూస్తాడు, కాని వేచి ఉంటాడు’ అనే కథ. రెండూ ఆ వాచకం కోసం వ్రాసినవే.

ఇంత చేసినా 1872లో వెలువడిన ‘అజ్బుకా’ను విద్యావేత్తలు తీవ్రంగా ఖండించారు. ప్రతులు అమ్ముడుపోలేదు. ఆనాడు జర్మనీనుండి వచ్చిన ధ్వనిపద్ధతి రష్యను బడులలో కొత్త వేదంగా చెలామణి అవుతున్నది. మాటను ధ్వనులుగా విడదీసి, ఒక్కొక్క ధ్వనిని పిల్లలచేత పలికించడం ఆ పద్ధతి. టాల్‌స్టాయ్ దానిని ఎదిరించి, హల్లుకు అచ్చు చేర్చి అక్షరసముదాయాన్ని చెవితో పట్టించే తన విధానాన్ని నిలబెట్టాడు. మన గుణింతం నేర్చుకొన్నవారికి అది కొత్తగా తోచదు. 1874లో మాస్కో అక్షరాస్యతా సంఘం రెండు పద్ధతులకూ పోటీ పెట్టింది. ఏడు వారాల బోధన అనంతరం జరిగిన పరీక్షలో టాల్‌స్టాయ్ పక్షానికి విజయం లభించలేదు. సభ్యులలో ఏకాభిప్రాయమూ కుదరలేదు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే ధ్వనిపద్ధతిపై ఆయన ఆగ్రహం కొంత అన్యాయమైనది. అక్షరానికీ ధ్వనికీ గల సంబంధాన్ని క్రమంగా నేర్పడం అవసరమేనని తరువాతి పరిశోధనలు స్పష్టం చేశాయి. ఐతే ధ్వనులు నేర్చిన పిల్లవాడు ఆ మీదట ఏమి చదవాలన్న ప్రశ్నకు ఆనాటి ధ్వనిపద్ధతివారివద్ద సరియైన సమాధానం లేదు. ఆవుకు కాళ్ళు ఎన్ని, గుర్రం ఎక్కడ ఉంటుంది వంటి సంభాషణలు పల్లెపిల్లలచేత చేయించేవారు. పశువుల మధ్య పుట్టి పెరిగిన పిల్లవానిని ఈ ప్రశ్న అడగడం వాని బుద్ధిని అవమానించడమేనని టాల్‌స్టాయ్ వాదం. ఇందులో ఆయన పక్షాన ఉండక తప్పదు.

ఓటమితో ఆయన కుంగిపోలేదు. అప్పటికే ప్రారంభించిన ‘అన్నా కెరినినా’ను ఆపివేసి, వాచకాన్ని మళ్ళీ మొదటినుండి వ్రాశాడు. ‘కొత్త అజ్బుకా’ 1875లో వెలువడింది. ఈసారి వెల తక్కువ, మాటలు మరింత తేలిక. ప్రభుత్వ విద్యాశాఖ దానిని బడులకు ఆమోదించింది. ‘మూడు ఎలుగుబంట్లు’, అన్న వెంట బడికి పోవాలని తహతహలాడి, పెద్ద టోపీ పెట్టుకొని ఒంటరిగా బయలుదేరిన చిట్టి ‘ఫిలిపోక్’ కథ ఈ పుస్తకంలోనివే. టాల్‌స్టాయ్ జీవితకాలంలోనే అది 28 ముద్రణలు పొందింది. తరువాతి కాలంలో మాస్కో ప్రచురణాలయాలు ఆయన పిల్లల కథలను తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేయగా, చౌక ధరకు దొరికే ఆ బొమ్మల పుస్తకాలు మన పల్లెల దాకా వచ్చాయి.

1910లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గు సమీపంలో గాంధీజీ నెలకొల్పిన ఆశ్రమానికి టాల్‌స్టాయ్ ఫారం అని పేరు. అక్కడ హిందూ, ముస్లిం, పార్సీ, క్రైస్తవ బాలబాలికలకు గాంధీజీ స్వయంగా ఉపాధ్యాయుడై, కొద్దిపాటి ఉర్దూను, తమిళాన్ని కూడ బోధించాడు. పాఠ్యపుస్తకాల అవసరం పెద్దగా పడలేదు, నోటిమాటతోనే పాఠాలు సాగాయి. ఆ సంవత్సరమే నవంబరు 20వ తేదీన, ఇల్లు విడిచి బయలుదేరిన టాల్‌స్టాయ్ దారిలో జబ్బుపడి, అస్తాపొవొ అనే చిన్న రైల్వేస్టేషనులో స్టేషనుమాస్టరు ఇంట మరణించాడు. అంతకు మూడేండ్ల ముందు, దాదాపు ఎనబయ్యవ ఏట కూడ, ఊరి పిల్లలను సాయంత్రాలు ఇంటికి పిలిచి పాఠాలు చెప్పాడు.

ఫెద్‌కా అన్నది టాల్‌స్టాయ్ తన వ్యాసంలో పెట్టిన పేరు. ఆ బాలుని అసలు పేరు వసీలి మొరోజొవ్. సమారా ప్రయాణంలో వెంటబోయిన ఇద్దరు శిష్యులలో అతడొకడు. పెద్దవాడైన తరువాత తూలా నగరంలో బండి తోలి జీవించాడు. కలం మాత్రం విడువలేదు. 1908లో అతడు వ్రాసిన ఒక కథ అచ్చుకు వెళ్ళినప్పుడు, దానికి ముందుమాట వ్రాసింది ఎనబయ్యేండ్ల టాల్‌స్టాయ్. యాస్నయా పొల్యానా బడిని గూర్చిన అతని జ్ఞాపకాలు అతడు గతించిన తరువాత, 1917లో పుస్తకంగా వెలువడ్డాయి.